వాసన వచ్చిందని చెప్పే హక్కు
(ఇల్లు, అద్దె, కులం - 7వ భాగం)



పోయిన భాగంలో టూలెట్ బోర్డు దగ్గర ఆగాం. "మీరేమిట్లు?" అని అడిగే ఓనర్ల గురించి, దానికి మనవాళ్లు చెప్పే రకరకాల జవాబుల గురించి మాట్లాడుకున్నాం. చాలామంది కామెంట్లలో తమ అనుభవాలు రాశారు. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎలాగోలా గది దొరికింది. లోపలికి పోయాం. తర్వాత?" ఈ భాగం ఆ "తర్వాత" గురించి.

డిగ్రీ అయిపోయాక పోటీ పరీక్షల కోసం హైదరాబాద్ వచ్చిన ఏడాది. నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. నాలుగో అంతస్తు మీద రేకుల గది. ఓనర్ అగ్రిమెంటు రాయలేదు. అడిగితే "స్టూడెంట్లకి అగ్రిమెంటు ఎందుకయ్యా" అన్నాడు. అగ్రిమెంటు లేదు కాబట్టి అడ్రస్ ప్రూఫ్ లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదు కాబట్టి గ్యాస్ కనెక్షన్ లేదు. వీధి చివర స్టవ్వులు రిపేరు చేసే కొట్టులో చిన్న బండ కొనుక్కుని, అక్కడే కిలో లెక్కన నింపించుకునేవాళ్లం. పెద్ద బండలోంచి చిన్న బండలోకి పైపు పెట్టి ఎక్కించేవాడు. పక్కనే ఒకాయన నిలబడి బీడీ కాల్చేవాడు.

ఒక రాత్రి రెండింటికి మాలో ఒకడికి మెలకువ వచ్చింది. కింద చాప మీద పడుకున్నది వాడొక్కడే. వాసన ముందు వాడికే తెలిసింది. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. మంచం మీద ఉన్నవాళ్లకన్నా ముందు కింద పడుకున్నవాడికి తగులుతుంది. అసలు ఆ గ్యాసుకు సొంత వాసన లేదు. లీకయితే మనిషికి తెలియాలని మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. అంటే వాసన అనేది ప్రమాదం గురించి మనకు ముందుగా వచ్చే కబురు. వాడు లైటు వెయ్యలేదు. తలుపు తీశాడు, కిటికీ తీశాడు, బండను చేతుల్లో ఎత్తుకుని డాబా మీదకు తీసుకెళ్లాడు. మేం లేచేసరికి బయట కూర్చుని వణుకుతున్నాడు.

తెల్లారింది. ఓనర్ కింద పూలకు నీళ్లు పోస్తున్నాడు. మేం నలుగురం ఆయన పక్కనుంచే నడిచి వెళ్లాం. ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే "దొంగ బండ పెట్టుకున్నారా, ఖాళీ చెయ్యండి" అంటాడు. ఖాళీ చేస్తే మళ్లీ టూలెట్ బోర్డులు. మళ్లీ "మీరేమిట్లు?" ఆ ప్రశ్నకన్నా గ్యాసే నయమనిపించింది మాకు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కానీ ఈ చరిత్ర అర్థం కావాలంటే ఆ ఉదయం మేం మూసుకున్న నోళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

అద్దె ఇంట్లో గ్యాస్ లీకయితే బాధ్యత ఎవరిది? పైపు ఓనర్‌ది, బండ కంపెనీది, స్టవ్వు అద్దెదారుది, ప్రాణం మాత్రం లోపల పడుకున్నవాడిది. ఈ ప్రశ్న మీద పెద్ద పోరాటం నడిచిన ఊరు ఒకటుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్. అక్కడ ఈ పోరాటంలో ముందు నిలబడ్డవాళ్లలో నల్లజాతి అద్దెదారులు ఉన్నారు.

ఇంగ్లండు నుంచి అమెరికాకు వచ్చిన పాత చట్టం ప్రకారం అద్దె అంటే భూమిని కొంతకాలం అప్పగించడం. తీసుకున్నాక దాని మంచిచెడ్డలు తీసుకున్నవాడివే. గోడ కూలినా కప్పు కురిసినా ఓనర్‌కు సంబంధం లేదు, ముందే ఒప్పుకుంటే తప్ప. ఇది రైతు భూమిని, పాకను కౌలుకు తీసుకున్న కాలం నాటి నియమం. ఆ రైతుకు పాక కప్పుకోవడం వచ్చు. నాలుగో అంతస్తులో ఉన్న కూలీకి గోడలోపలి గ్యాస్ పైపు బాగుచేసుకోవడం వచ్చా? బాగుచేసే అధికారమైనా ఉందా?

1952లో బోల్స్ వర్సెస్ మహోనీ అనే కేసు వాషింగ్టన్ ఫెడరల్ అప్పీలు కోర్టుకు వచ్చింది. అద్దె ఇంటి ఆవరణలో గోడ కూలి ఒక పిల్లవాడికి దెబ్బలు తగిలాయి. పాత నియమం ప్రకారం ఓనర్ బాధ్యుడు కాదని కోర్టు తీర్పు చెప్పింది. డేవిడ్ బేజలాన్ అనే జడ్జి ఒక్కడే ఈ నియమానికి కాలం చెల్లిందని విడిగా రాశాడు.

1955లో వాషింగ్టన్ నగరం ఇళ్ల నిబంధనలు తెచ్చింది. అద్దెకిచ్చే ఇల్లు ఎలా ఉండాలో అందులో రాశారు. 1960లో వెట్జెల్ కేసు వచ్చింది. పడకగది పైకప్పు ఊడి అద్దెదారు మీద పడింది. ఈసారి అదే కోర్టు, నగర నిబంధనలు ఓనర్ మీద బాధ్యత పెట్టాయి కాబట్టి అవి పాటించకపోవడం నిర్లక్ష్యానికి సాక్ష్యమవుతుందని చెప్పింది. ఎనిమిదేళ్లలో ఇంత దూరం వచ్చారు.

కానీ నిబంధన పుస్తకంలో ఉంది. అది అమలు కావాలంటే ఎవరో ఒకరు ఆఫీసుకు పోయి ఫిర్యాదు చెయ్యాలి. చేసినవాడి గతేంటి?

1965లో వాషింగ్టన్‌లో ఒక మహిళ నెల నెలా అద్దె పద్ధతిలో ఒక ఇల్లు తీసుకుంది. ఇంట్లో శుభ్రత, భద్రత లోపాల మీద నగర అధికారులకు ఫిర్యాదు చేసింది. వాళ్లు వచ్చి చూస్తే 40కి పైగా ఉల్లంఘనలు దొరికాయి. బాగుచెయ్యమని ఓనర్‌కు ఆదేశమిచ్చారు. ఓనర్ ఏం చేశాడు? 30 రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యమని ఆమెకు నోటీసిచ్చాడు. నెలవారీ అద్దె కాబట్టి కారణం చెప్పక్కర్లేదు. నా ఇల్లు, నా ఇష్టం.

ఈ మాట మనకు కొత్త కాదు. "నా ఇల్లు, నా ఇష్టం" అన్న నాలుగు ముక్కల్లో ఎన్ని కులాల చరిత్ర ఉందో మనకు తెలుసు.

ఆమె కోర్టుకెళ్లింది. 1968 మేలో ఎడ్వర్డ్స్ వర్సెస్ హబీబ్ కేసులో జడ్జి జె. స్కెలీ రైట్ తీర్పు రాశాడు. ఓనర్ ఏ కారణంతోనైనా, కారణం లేకుండానైనా ఖాళీ చేయించవచ్చేమో గానీ, ప్రభుత్వానికి ఫిర్యాదు చేసిందన్న కక్షతో ఖాళీ చేయించడానికి వీల్లేదు. ఫిర్యాదు చేసినవాళ్లను వీధిలోకి తోసేస్తే ఇళ్ల నిబంధనలకు అర్థమే ఉండదు. ఆ తీర్పుకు నెలన్నర ముందే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది, వాషింగ్టన్‌లో నల్లవాళ్ల వీధులు తగలబడ్డాయి. ఆ వేడి ఇంకా చల్లారని ఊళ్లో వచ్చిన తీర్పు ఇది.

గ్యాస్ భద్రత చరిత్ర రాసేవాళ్లు మామూలుగా పైపుల గురించి, మీటర్ల గురించి రాస్తారు. నా దృష్టిలో ఆ చరిత్రలో పెద్ద మలుపు ఈ తీర్పు. ఇందులో గ్యాస్ ఊసే లేదు. అయినా సరే. వాసన పట్టేది అద్దెదారు ముక్కు. ఆ ముక్కుకు పట్టింది నోటితో చెప్పగలిగినప్పుడే మిగతా యంత్రాంగమంతా కదులుతుంది. 1968 తీర్పు ఆ నోటికి రక్షణ ఇచ్చింది. మా నాలుగో అంతస్తు గదిలో లేనిది అదే.

రెండేళ్లకు ఇంకో అడుగు పడింది. వాషింగ్టన్‌లోనే క్లిఫ్టన్ టెర్రస్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయం. 1966 ఏప్రిల్ అద్దె కట్టలేదని కొందరు అద్దెదారుల మీద ఓనర్ కంపెనీ కేసు వేసింది. అవును, కట్టలేదని వాళ్లు ఒప్పుకున్నారు. కానీ తాము చేరిన తర్వాత ఆ ఇళ్లలో సుమారు 1,500 నిబంధనల ఉల్లంఘనలు వచ్చాయని, ఆ సాక్ష్యం చూపిస్తామని అన్నారు. కింది కోర్టు ఆ సాక్ష్యం తీసుకోను పొమ్మంది. అద్దె వేరు, మరమ్మతు వేరు అంది. కేసు పైకి వెళ్లింది. 1970 మేలో జావిన్స్ కేసు తీర్పు వచ్చింది. రాసింది మళ్లీ స్కెలీ రైట్. పట్నంలో అద్దె కట్టే మనిషి కొంటున్నది నేల ముక్కను కాదు. వెలుతురు, వేడి, నీళ్లు, సరైన పైపులు, గట్టి తలుపులు ఉన్న నివాసాన్ని అని ఆయన వాదన. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచుతానన్న హామీ ప్రతి అద్దె ఒప్పందంలోనూ, రాసినా రాయకపోయినా, ఉన్నట్టే. ఆ హామీ ఓనర్ తప్పితే అద్దె నిలపడం అద్దెదారుకు రక్షణ అవుతుంది. ఆ తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

ఈ స్కెలీ రైట్ ఎవరు? దక్షిణాదిన న్యూ ఆర్లియన్స్‌లో పుట్టి పెరిగిన తెల్లవాడు. 1960లో ఆ ఊరి బడుల్లో నల్లపిల్లలను చేర్చుకోవాల్సిందేనని ఆదేశాలిచ్చి, సొంత ఊరివాళ్ల చేత వెలివేయించుకున్నంత పని చేయించుకున్నాడు. తర్వాత వాషింగ్టన్ కోర్టుకు వచ్చాడు. మురికివాడల ఓనర్లు చాలావరకు తెల్లవాళ్లు, అద్దెదారులు చాలావరకు నల్లవాళ్లు అన్న వాస్తవం తన తీర్పుల మీద పనిచేసిందని ఏళ్ల తర్వాత ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. చట్టం గుడ్డిదంటారు. ఈ చట్టం మారింది మాత్రం ఒక జడ్జి రంగును చూసి, చూశానని ఒప్పుకున్నందువల్ల. మన కోర్టుల్లో అద్దె కేసులు వినే జడ్జిల్లో కులాన్ని అలా చూసేవాళ్లు ఎందరు?

అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో చదువుకున్నాడు. అక్కడ హాస్టల్ గదిలో మిగతా విద్యార్థుల్లాగే ఉన్నాడు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వస్తే తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు చెప్పి దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ పది రోజుల్లో సత్రంలో ఏదైనా పాడైతే ఆయన నోరు విప్పి ఫిర్యాదు చేసేవాడా? పేరు దాచుకుని ఉన్నవాడు దేనికీ ఫిర్యాదు చెయ్యడు. నేను చెప్తున్నది ఇదే. కులం మన గది బయటే ఆగిపోదు. లోపలికి వచ్చి మన నోటి మీద చెయ్యి వేసి కూర్చుంటుంది.

సరే, వాషింగ్టన్‌లో చట్టం గెలిచింది. కథ అక్కడితో సుఖాంతమైందా? లేదు.

క్లిఫ్టన్ టెర్రస్ నుంచి ఉత్తరాన కొద్ది మైళ్లు పోతే మేరీలాండ్ రాష్ట్రంలో సిల్వర్ స్ప్రింగ్ అనే ఊరు. అక్కడ ఫ్లవర్ బ్రాంచ్ అపార్ట్‌మెంట్లు. ఉన్నది ఎక్కువగా మధ్య అమెరికా దేశాల నుంచి వలస వచ్చిన శ్రామిక కుటుంబాలు. 2016 ఆగస్టు 10 అర్ధరాత్రికి కొంచెం ముందు ఒక భవనం పేలిపోయింది. ఇద్దరు పిల్లలతో సహా ఏడుగురు చనిపోయారు. 65 మంది నివాసులను ఆసుపత్రులకు తరలించారు.

అంతకు రెండు వారాల ముందు, జులై 25న, గ్యాస్ వాసన వస్తోందని అక్కడినుంచి ఫోన్ వెళ్లింది. అంటే ఎవరో నోరు విప్పారు. ఫైరింజన్ సిబ్బంది వచ్చారు, చూశారు, లీకు దొరక్క వెళ్లిపోయారు.

జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి 2019లో నివేదిక ఇచ్చింది. భవనం లోపల ఒక మీటర్ల గది. అందులో పాతకాలపు పాదరసం రెగ్యులేటర్లు. వాటిలో ఏదైనా తేడా వస్తే గ్యాసును భవనం బయటకు వదిలేందుకు ఒక గొట్టం ఉండాలి. ఒక రెగ్యులేటర్‌కు ఆ గొట్టం తగిలించి లేదు. అది చెడిపోయింది. గ్యాసు బయటకు పోవాల్సింది పోయి గదిలోకే వచ్చింది, నిండింది, ఎక్కడినుంచో నిప్పు తగిలింది. మనుషులు తిరగని చోట ఉంది కాబట్టి వాసన కూడా సులభంగా తెలియలేదని బోర్డు రాసింది.

రెగ్యులేటర్లు గ్యాస్ కంపెనీవి. ఆ పాత రెగ్యులేటర్లను పదేళ్లలో మార్చేస్తామని కంపెనీ 2003లోనే ఒప్పుకుంది, చెయ్యలేదు. మేరీలాండ్ కమిషన్ 2020లో దానికి 7,50,000 డాలర్ల జరిమానా వేసింది. గది అపార్ట్‌మెంట్ యాజమాన్యానిది. నివాసులు కంపెనీ మీదా యాజమాన్యం మీదా కోర్టుకెళ్లారు. 2021లో మేరీలాండ్ ఆ అపార్ట్‌మెంట్ల పేరుతోనే చట్టం చేసి, ఇళ్ల లోపలున్న రెగ్యులేటర్లను బయటకు మార్చే పని పెట్టింది.

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది. యంత్రం ఒకరిది, గది ఇంకొకరిది, వాసన మూడోవాడిది. బాధ్యత రెండు ఆఫీసుల మధ్య సందులో పడిపోతే ఆ సందులో చచ్చేది మూడోవాడే. అందుకే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చట్టంలో రాయాలి.

న్యూయార్క్ కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ ఓనర్‌కు అంతా తెలుసు. మన్‌హాటన్ ఈస్ట్ విలేజ్‌లో ఒక పాత భవనం. కింద రెస్టారెంటు, పైన అద్దె ఇళ్లు. రెస్టారెంటు గ్యాస్ లైను నుంచి దొంగగా పైపులు లాగి పై ఇళ్లకు ఇచ్చారు. 2014లో గ్యాస్ కంపెనీ కనిపెట్టి ఆపేసింది. మళ్లీ ఇంకో దొంగ లైను వేశారు. 2015 మార్చి 26న కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తే దాన్ని కనబడకుండా చేశారు. వాళ్లు వెళ్లాక గ్యాసు తిప్పారు. రెస్టారెంటులో వాసన వస్తే ముందు ఫోన్ వెళ్లింది ఓనర్‌కు. ఓనర్ కొడుకు, కాంట్రాక్టరు బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూసి, లోపల తింటున్నవాళ్లకు చెప్పకుండా బయటకు పరుగెత్తారు. భవనం పేలింది. మూడు భవనాలు నేలమట్టమయ్యాయి. ఇద్దరు యువకులు చనిపోయారు. 2019లో ఓనర్, కాంట్రాక్టరు, ప్లంబరు ముగ్గురూ నరహత్య నేరం కింద దోషులయ్యారు. ఒక్కొక్కరికి 4 నుంచి 12 ఏళ్ల జైలు పడింది.

ఆ పేలుడు తర్వాత 2016లో న్యూయార్క్ నగరం చేసిన నిబంధనల్లో రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి, భవనాల గ్యాస్ పైపులను నాలుగేళ్లకోసారి లైసెన్సున్న ప్లంబరుతో తనిఖీ చేయించాలి. రెండు, వాసన వస్తే ఏం చెయ్యాలో ఓనరే నోటీసు రాసి అద్దెదారులకు ఇవ్వాలి, గోడకు అంటించాలి. ఆ నోటీసులో వరుస ఏంటంటే: ముందు బయటకు రండి, అత్యవసర నంబరుకు, గ్యాస్ కంపెనీకి ఫోన్ చెయ్యండి, ఆ తర్వాతే ఓనర్‌కు. ఓనర్ ఆఖర్న. బ్రిటన్‌లో అయితే 1998 నిబంధనల ప్రకారం అద్దె ఇంట్లో తానిచ్చిన గ్యాస్ పరికరాలను, పైపులను ఓనర్ ఏటా అర్హతగల నిపుణుడితో పరీక్ష చేయించి, ఆ కాగితం 28 రోజుల్లో అద్దెదారు చేతికివ్వాలి.

మన దగ్గర? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇంకా ఉంది. ఓనర్‌కు తెలిసి, అద్దెదారుకు కనబడని లోపం ఉంటే చెప్పాలి. చేయాల్సిన మరమ్మతు అడిగినా చెయ్యకపోతే అద్దెదారే చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. ఈ సంగతి మీలో ఎందరికి తెలుసు? 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఆమోదించింది. అవసరమైనప్పుడు పైపులు, కరెంటు వైర్లు మార్చించే పని అందులో ఓనర్ మీద పెట్టారు. పైపు ద్వారా వచ్చే వంటగ్యాసును ఓనర్ ఆపకూడని అత్యవసర సేవల్లో చేర్చారు. కానీ అది నమూనా. రాష్ట్రాలు చట్టం చేస్తేనే ప్రాణం వస్తుంది. పైగా ఆ చట్టమంతా రాతపూర్వక అగ్రిమెంటు మీద నిలబడింది. అగ్రిమెంటే ఇవ్వని ఓనర్ దగ్గర, కులం దాచుకుని ఉన్న అద్దెదారుకు అది ఏ మేరకు అందుతుంది? చమురు కంపెనీలు వంటగ్యాస్ ప్రమాదాలకు బీమా కడతాయి. ఆస్తి నష్టానికి పరిహారం రిజిస్టరైన చిరునామాలో ప్రమాదం జరిగితేనే. కొట్టులో కిలో లెక్కన నింపించిన బండకు చిరునామా ఎక్కడుంది?

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. మన బస్తీల్లో ఓనర్లందరూ దొరలు కారు. ఉన్న రెండు గదుల్లో ఒకటి అద్దెకిచ్చి ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టే మన అక్కలూ ఉన్నారు. వాళ్ల మీద కూడా ఇదే బాధ్యతా అంటే, అవును, ఇదే. కానీ వంద గదుల హాస్టల్ ఓనర్‌నీ ఆమెనీ ఒకే గాటన కట్టక్కర్లేదు. ఆమె ఇంటి తనిఖీ ఖర్చు ప్రభుత్వం, గ్యాస్ కంపెనీలు పెట్టుకోవాలని మనం అడగాలి. ప్రాణం విలువ మాత్రం ఓనర్ జేబును బట్టి మారదు.

విద్యార్థి మిత్రులు ఇప్పటికిప్పుడు చెయ్యగలిగినవి కొన్ని. ఒక్క కాగితమైనా సరే, అగ్రిమెంటు అడగండి. చిరునామా రుజువు లేకున్నా గుర్తింపు కార్డుతో చమురు కంపెనీల 5 కిలోల బండ దొరుకుతుంది, కొట్టు బండ మానెయ్యండి. రబ్బరు గొట్టం మీద తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చండి. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకండి, రెగ్యులేటర్ కట్టెయ్యండి, తలుపులు తీసి బయటకు రండి, బయటినుంచే 1906కు ఫోన్ చెయ్యండి. ఓనర్‌కు చెప్పేది నోటితో కాకుండా మెసేజ్‌లో చెప్పండి, తేదీ మిగులుతుంది. ఆ మెసేజ్ పెట్టినందుకు ఖాళీ చెయ్యమంటే, అది ఒక్కడి గొడవగా వదిలెయ్యకండి. క్లిఫ్టన్ టెర్రస్‌లో అద్దె ఆపినవాడు ఒక్కడే అయ్యుంటే ఈరోజు మనం వాళ్ల గురించి చదివేవాళ్లం కాదు.

సంఘాలకు ఒక పని. అద్దె చట్టం మీద మన రాష్ట్రాల్లో మాట్లాడేటప్పుడు రెండు డిమాండ్లు కలిపి పెట్టండి. కులం అడిగి ఇల్లు నిరాకరించడం నేరం కావాలి. భద్రత మీద ఫిర్యాదు చేసినందుకు ఖాళీ చేయించడం కూడా నేరం కావాలి. ఈ రెండూ ఒకే తలుపుకు రెండు గొళ్లాలు. ఒక్కటి తీస్తే తలుపు తెరుచుకోదు.

ఆ రాత్రి బండ ఎత్తుకుని డాబా మీదకు పరుగెత్తినవాడు ఇప్పుడు ఒక ప్రభుత్వ బడిలో టీచరు. ఈ భాగం రాసేముందు ఫోన్ చేశాను. "ఆ పొద్దున ఓనర్‌కు చెప్పాల్సిందిరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మన కింద మూడో అంతస్తులో చిన్నపిల్లలుండేవాళ్లు, గుర్తుందా?"

గుర్తుంది. అందుకే ఇది రాశాను.

వచ్చే భాగంలో హాస్టళ్ల గురించి. జై భీమ్.